పచ్చ ఉంగరం, పొగలు కక్కే నీళ్ళు

నాగలింగాచార్యులుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. "పని కానివ్వు" అనేవారు. బందరు కంసాలి వీధిలో ఆయన దగ్గర రాళ్ళ పని నేర్చుకున్నవాళ్ళంతా ఈ అలవాటును భరించినవాళ్ళే.

వాళ్ళలో పెద్దవాడు భద్రాచారి. పద్నాలుగేళ్ళుగా గురువు పక్కన కూర్చుని పనిచేస్తున్నాడు. ఏ రాయిని ఎలాంటి నీళ్ళతో కడగాలో, దేన్ని తడిగుడ్డతో తుడిచి వదిలేయాలో, ముత్యానికి సబ్బు ఎందుకు సోకకూడదో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అలాంటివాణ్ణి పక్కనబెట్టి గురువు ఆ సంవత్సరం రాళ్ళ బీరువా తాళం ఈశ్వరాచారి చేతికిచ్చారు. ఈశ్వరాచారి వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు ఎక్కడో గొలుసులు అతికే పని చేసేవాడు.

తాళం చేతులు మారిన నాటినుంచి భద్రాచారికి అన్నం సహించలేదు. గురువు "ఈశ్వరా" అని పిలిస్తే, తనను పిలిచే పిలుపులో లేని మెత్తదనం ఏదో అందులో ఉన్నట్టు వినిపించేది. గురువు ఈశ్వరాచారి పని పళ్ళెం మీదికి ఎన్నిసార్లు వంగి చూశారో, తన పళ్ళెం మీదికి ఎన్నిసార్లు వంగారో మనసులోనే గుర్తుపెట్టుకునేవాడు. ఇంట్లో భార్య, చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "నా మాట ఎవరిక్కావాలి" అని లేచిపోయాడు.

చివరికి ఒకనాడు ఉండబట్టలేక గురువునే అడిగాడు. "గురువుగారూ, అతనిలో నాకన్నా మీకేం ఎక్కువ కనిపించింది?"

"పని కానివ్వు," అన్నారు గురువు.

ఆ వారంలోనే దమయంతమ్మ మూడు ఉంగరాలు తెచ్చింది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు కాన్పులు చేసిన నర్సమ్మ. రెండు కెంపు ఉంగరాలు, ఒకటి పచ్చ. పచ్చ వాళ్ళ అమ్మది. "కాన్పు గదిలోకి వెళ్ళేముందు తప్ప వేలినుంచి తీసి ఎరగనండీ. మురికి పట్టింది. పెళ్ళికి వెళ్ళాలి, కాస్త శుభ్రం చేయించండి," అంది. గురువు వాటిని ఈశ్వరాచారికి అప్పగించి, ఎవరి ఇంట్లోనో పాత హారం చూడాలని బయటికి వెళ్ళారు.

ఈశ్వరాచారి పొయ్యి ముట్టించి కుంకుడు రసం కాచాడు. అందులో కెంపులు వేసి తీసి, మెత్తని కుంచెతో వెనకవైపు రాయి కూర్చున్న గూడంతా రుద్దాడు. అవి కడిగిన దానిమ్మ గింజల్లా తేలాయి. కెంపు వేడికి ఓర్చుకుంటుంది. పచ్చ అలా కాదు. దానిలో పుట్టుకతోనే సన్నని నెరియలుంటాయి. వాటిలో నూనె పట్టించి రాయికి నిండుదనం తెస్తారు. మరిగే కుంకుడు నీళ్ళు ఆ నూనెను లాగేస్తాయి. ఈ సంగతి భద్రాచారికి తెలుసు. ఈశ్వరాచారి చేతికి అంతవరకూ పచ్చ రాలేదు.

అతను ఉంగరం పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "అన్నా, దీనికీ ఇంతేగా?" అన్నాడు.

మూరెడు దూరంలో కూర్చున్న భద్రాచారి తల ఎత్తలేదు. 'ఆగు' అంటే చాలు, రెండక్షరాలు. అవి నోటిదాకా వచ్చాయి. వాటి వెనకే మరో ఆలోచన వచ్చింది: చూడనీ, గురువుగారిని కూడా చూడనీ, తాళం ఎవరికిచ్చారో. అతను ఆకురాయి అందుకుని చేతిలోని కడ్డీని గట్టిగా రుద్దసాగాడు. ఆ చప్పుడులో మాట వినిపించలేదనుకున్నాడు ఈశ్వరాచారి. దీనికీ అంతే అయ్యుంటుందిలే అని పొగలు కక్కే రసంలో ఉంగరం ముంచాడు. మురికి వదలలేదని మళ్ళీ ముంచాడు. తీసి చన్నీళ్ళలో వేశాడు.

మర్నాడు దమయంతమ్మ వచ్చింది. కెంపులు వేలికి పెట్టుకుని మురిసిపోయింది. పచ్చను చూసి మాత్రం ఆమె ముఖం మారిపోయింది. రాయి వెలిసిపోయి ఉంది. లోపల తెల్లని గీతలు సాలెగూడులా కనిపిస్తున్నాయి.

"ఇది మా అమ్మది కాదండీ," అంది నెమ్మదిగా.

కంసాలి అంగట్లో అంతకన్నా పెద్ద మాట లేదు. రాయి మార్చారన్న అనుమానం ఒకసారి గడప దాటితే మళ్ళీ ఆ గడప ఎవరూ తొక్కరు. గురువు ముఖం తెల్లబోయింది. ఆయన నోరు తెరిచేలోపే ఈశ్వరాచారి ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాయి మీదేనమ్మా. తెలియక వేడినీళ్ళలో వేశాను. తప్పు నాది. గురువుగారు అప్పుడు అంగట్లో లేరు కూడా."

భద్రాచారి చేతిలోని పని కింద పెట్టాడు. ఇప్పుడంటాడు, 'అన్నను అడిగాను' అని. ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఈశ్వరాచారి అనలేదు. అననందుకు భద్రాచారికి ఊరట కలగలేదు సరికదా, ఒళ్ళు మండింది. మంచివాడు కూడా తనే కావాలా ఇతనికి, అనుకున్నాడు.

గురువు భూతద్దం దమయంతమ్మ చేతికిచ్చి, "ఈ మూలన చిన్న పెచ్చు లేచి ఉంది. మీరెరిగినదేనా అమ్మా?" అన్నారు. ఆవిడ చాలాసేపు చూసింది. "ఎరుగుదును. అమ్మ బావి గట్టుకు కొట్టుకుంది," అని కళ్ళు తుడుచుకుంది. గూట్లోంచి రాయి తీసి దేవదారు నూనెలో నానబెడితే చాలావరకు తేరుకుంటుందని, నెల పడుతుందని గురువు చెప్పారు. పెళ్ళికి కెంపులే పెట్టుకుంటానని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దాకా భద్రాచారి కనిపెట్టి చూశాడు. తాళం ఈశ్వరాచారి మొలనే ఉంది. అతను నీళ్ళు తేవడానికి వెళ్ళగానే భద్రాచారి గురువు దగ్గరికి వచ్చాడు.

"ఇంత జరిగాక కూడానా గురువుగారూ? పొగలు కక్కే కుంకుడు రసంలో ముంచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. పైగా ఆ వేడి మీదే చన్నీళ్ళలో వేశాడు. పచ్చను అలా ఎవరైనా..."

గురువు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "వేడినీళ్ళలో వేశానని మాత్రమే చెప్పాడు నాకు. రెండుసార్లని, చన్నీళ్ళని చెప్పలేదే. నీకెలా తెలుసు?"

భద్రాచారి "పక్కనే ఉన్నాను," అన్నాడు. ఆ మాట తన చెవికే ఎవరో పరాయివాడి మాటలా వినబడింది. మళ్ళీ తనే, "నన్ను అడిగాడు కూడా," అన్నాడు.

గురువు కోప్పడలేదు. పచ్చరాయి నానుతున్న నూనె గిన్నె తెచ్చి అతని ముందుంచి, నెలరోజులూ దాన్ని గోరువెచ్చగా ఉంచే పని నీదే అన్నారు. లోపలికి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"రాయిని నీళ్ళలో వేసిన చెయ్యి తడిసింది, భద్రాచారీ. అది ఆరిపోతుంది. ఆపగలిగీ పొడిగా ఉండిపోయిన చేతిని ఏం చెయ్యాలో నాకింకా తెలియడం లేదు."