పోటు నీళ్ళలో నూకాలు

అనగనగా ఒక ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసే చోట ఒక మొగ. మొగ దాటితే ఇక చెప్పేదేముంది పిల్లలూ, చూపు ఆనినంత మేరా సముద్రమే!

ఆ సముద్రంలో పాలబొంత చేపలు గుడ్లు పెట్టి, తమ దారిన తాము పోయాయి. గుడ్లలోంచి వెంట్రుకంత పిల్లలు బయటపడ్డాయి. వాటి ఒంట్లోంచి అవతలి నీళ్ళు కనిపించేవి. వాటిలో నూకాలు ఒకతి. ఆమె కంటే ఒక్క అల ముందు పుట్టిన అన్న పోతురాజు. ఒక్క అలే కావచ్చు, పెద్దరికం పెద్దరికమే కదా!

వానలు కురిశాయి. ఏటి నీరు వచ్చి కలిసి, సముద్రపు ఉప్పులోకి సన్నని తీపి చేరింది. ఆ తీపి తగలగానే పిల్లలందరికీ ఒకటే కల వచ్చింది. పచ్చని నీడ, నీళ్ళలోకి దిగిన వేళ్ళు, కడుపు నిండా తిండి. అదే ఏటి లోపలి మడ అడవి. పాలబొంత పిల్లలు పెరగవలసింది అక్కడే. మొగ బయట పండుగప్పలనే పెద్ద చేపలు నోళ్ళు తెరుచుకుని తిరుగుతుంటాయి. అక్కడ చిక్కిన పిల్ల బతికి బట్టకట్టదు.

మొదటి పోటు వచ్చింది. సముద్రం ఏటిలోకి పొంగింది. అన్నాచెల్లెళ్ళు ఆ నీటి మీద తేలుతూ, సగం నిద్రలో ఉన్నట్టుగా మొగ దాటారు. అంతలో ఆటు మొదలైంది. నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి లాగసాగాయి.

"ఈదవే చెల్లీ, ఈదు!" అని అరిచాడు పోతురాజు.

నూకాలు ఈదింది. నాలుగుసార్లు తోక కొట్టేసరికి సత్తువ అయిపోయింది. చచ్చిపోతున్నాననుకుని కళ్ళు మూసుకుంది. మునిగి మునిగి ఒక ఆల్చిప్ప పక్కన బురదలో పడింది. కళ్ళు తెరిచి చూస్తే ఏముంది? పైన నీళ్ళు పరుగులు తీస్తున్నాయి, అడుగున మాత్రం జోగుతున్నాయి. ఆటు తీరేదాకా నూకాలు అక్కడే పడుకుంది.

పోతురాజు మాత్రం చివరిదాకా ఎదురీది, మొగ బయటికి కొట్టుకుపోయాడు. మరుసటి పోటులో రొప్పుతూ వచ్చి చెల్లెలిని కలుసుకున్నాడు.

నూకాలు గొప్పగా తోక ఊపింది. "నాలా తెలివిగా నేలకు దిగాలన్నా! ఈ ఉపాయం నేనే కనిపెట్టాను. నీకెందుకు తట్టలేదో!"

పోతురాజుకు ఒళ్ళు మండింది. "నిన్నగాక మొన్న పుట్టి నాకే చెప్పొచ్చావా? సముద్రం బిడ్డలం, బురదలో దాక్కుంటామా?"

రెండో ఆటు వచ్చింది. చెల్లెలు బురదలో ఒదిగింది. అన్న పైన కొట్టుకున్నాడు. అప్పుడే ఒక ముసలి మండపీత పొట్ట నిండా గుడ్లతో సముద్రం వైపు పోతూ కనిపించింది.

"ఆ పైన కొట్టుకుంటున్నోడు మీ వోడేనా అమ్మీ?" అని అడిగింది.

"మా అన్న, పీతవ్వా. 'నీకు తెలివి లేదు, నన్ను చూసి నేర్చుకో' అంటే వినడు."

పీతవ్వ పకపకా నవ్వింది. "అలా చెప్తే ఎవడింటాడే? నీకా తెలివి ఎలా వచ్చిందో అది కూడా చెప్పావా?" అంది. జవాబు కోసం ఆగకుండా, నీళ్ళు లాగిన వైపే ఊగుతూ పోయింది.

నూకాలుకు సిగ్గేసింది. తనకు తెలివి ఎలా వచ్చిందో తనకు తెలుసు.

మూడో పోటులో పోతురాజు తిరిగి వచ్చాడు. మొగ బయట ఒక పండుగప్ప అతని తోక సగం కొరికేసింది. ఇద్దరూ తేలుతూ తేలుతూ చాలా దూరం పోయారు. నీళ్ళు పచ్చబడ్డాయి. దూరాన మడచెట్ల వేళ్ళు, కలలో చూసినట్టే, మసకమసకగా కనిపించాయి. ఇంకొక్క పోటు వస్తే చాలు. కానీ ముందు వచ్చింది మూడో ఆటు.

నూకాలు నేలకు దిగింది. పైకి చూసింది. అన్న ఈదలేకపోతున్నాడు, కిందికీ రావడం లేదు. ఈసారి మొగ దాటితే ఇక తిరిగి రాడు. నూకాలు తనూ కొట్టుకుపోతానని తెలిసి కూడా బురదను వదిలి పైకి లేచింది. ఆటు ఆమెనూ ఈడ్చుకుపోయింది.

"అన్నా, నేను అబద్ధం చెప్పాను! ఉపాయం నేను కనిపెట్టలేదు. ఈదలేక పడిపోయాను. బురదే నన్ను ఆపింది."

పోతురాజు తిరిగి చూశాడు. "నిజంగా పడిపోయావా?"

"నిజంగానే. చచ్చిపోతానని భయపడ్డాను కూడా."

"నాకూ భయంగానే ఉందే," అన్నాడు పోతురాజు నెమ్మదిగా.

ఇద్దరూ రెక్కలు ముడుచుకున్నారు. నీళ్ళలో మెల్లగా, మెల్లగా దిగి, పక్కపక్కనే మెత్తని బురదలో పడుకున్నారు. వచ్చిన దారిలో సగం పోయింది. పోతే పోయింది, అన్న దక్కాడు.

పోటు మళ్ళీ వచ్చింది. ఇద్దరూ లేచి తేలారు, ఆటు వస్తే కలిసి ఒదిగారు, మరో పోటుకు ఆ పచ్చని నీడలోకి చేరారు. అక్కడే తిని, తిరిగి, మూరెడేసి పెరిగారు. అప్పుడొకనాడు ఉప్పు గాలి పిలిస్తే, ఏ ఆటుతో పోరాడి అలసిపోయారో ఆ ఆటు మీదనే హాయిగా సముద్రానికి తరలిపోయారు.

నీతి: ఎదురునీటికి ఒదగడం ఓటమి కాదు, అయితే ఎదుటివాణ్ణి ఒదగమనే ముందు మన గొప్ప మనం దించుకోవాలి.