మూడడవుల వాగు

ఎర్రకొండ మీద పుట్టిన వాగు పైఅడవి, నడిమి అడవి, దిగువ అడవి దాటుకుంటూ పోయేది. ఒకప్పుడు ఏ అడవి కట్టుబాట్లు ఆ అడవివి. అటువాళ్ళు ఇటొస్తే కొట్లాటే. విసిగిపోయి మూడడవుల పెద్దలు కలిసి ఉమ్మడి సభ పెట్టుకున్నారు. వాగుకు ఎవరూ అడ్డం కట్టకూడదు, మేతకు ఎవరు ఎక్కడికైనా పోవచ్చు అని తీర్మానించారు. ఆ సభలో దిగువ అడవి తరఫున కూర్చునేది కాటుక అనే అడవిగేదె. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ.

ఆ ఏడు ఎండలు మాడ్చేశాయి. పైఅడవి పెద్ద గండయ్య అనే అడవిపంది. అతని దగ్గరికి నక్క చిట్టెయ్య చేరాడు.

"కొండా మీదే, నీళ్ళూ మీవే. మధ్యలో ఆ సభ పెత్తనమేంటి దొరా?"

గండయ్యకు ఆ మాట నచ్చింది. రాళ్ళు దొర్లించి వాగు కట్టేశాడు. దిగువన ఇసుక తేలింది.

నక్క వెంటనే దిగువకు పరిగెత్తాడు. "చూశారుగా, సభ ఏం చేసింది? మీరూ హద్దులు మూసేయండి. రేవు దగ్గర కాపలా నేనుంటా. వచ్చేపోయేవాళ్ళు నాకింత తిండి పెడితే చాలు."

కుర్ర దున్నలు సరేనంటూ కొమ్ములు విదిలించాయి. పక్కనే దూడలు బురద నాకుతున్నాయి. కాటుక ఆ దూడల వైపు చూసింది. అయినా, "ముందు సభ కూడాలి. మనమూ కట్టు తప్పితే ఇక ఎదుటివాణ్ణి అడిగే నోరుండదు," అంది.

ఎండలోనే కొండెక్కింది. గండయ్య రానన్నాడు. అతని గుహ ముందే పడుకుంది. పొద్దు వాలుతున్నా కదల్లేదు. చివరికి అతనే గొణుక్కుంటూ బయల్దేరాడు.

సభలో నక్క గొంతు పెంచాడు. "సభా వద్దు, పొత్తూ వద్దు. ఎవరి హద్దులో వాళ్ళుందాం."

"అలాగే కానిద్దాం," అంది కాటుక. "గండయ్య మామా, వానలు పడ్డాక దుంపలకు మా దిగువకు రాకు మరి."

గండయ్య అడవిలో బండలే తప్ప తవ్వుకోడానికి మట్టి లేదు.

కాటుక నక్క వైపు తిరిగింది. "చిట్టెయ్యా, ఇంతకీ నీది ఏ అడవి?"

నక్క పడుకునేది పైన, వేటాడేది నడిమి అడవిలో, పీతలు తినేది దిగువన. "నేను అందరివాణ్ణి," అన్నాడు.

"అలాంటివాళ్ళు ఉండకూడదని ఇప్పుడేగా అన్నావు. ఒక అడవి చెప్పు."

"నడిమి అడవి."

"మాకొద్దు," అంది నడిమి అడవి పెద్ద, ఎలుగుబంటి అక్కమ్మ. దిగువకూ వద్దన్నట్టు కాటుక తల అడ్డంగా ఊపింది.

గండయ్య నక్క వైపు చూడనైనా లేదు. "నీ మాట విని సాటివాళ్ళ గొంతులు ఎండబెట్టాను. మా దగ్గరా నీకు చోటు లేదు," అన్నాడు. ఆ రోజే వెళ్ళి తన మూతితోనే రాళ్ళు తోసేశాడు. ఇకమీదట ఏ అడవి కట్టుబాటైనా వాగు సంగతిలో ఉమ్మడి మాటకు లోబడాలని సభ తేల్చింది. ఆ తీర్మానానికి ముందుగా ఊఁ అన్నది గండయ్యే.

నక్క కాటుక వెంటపడ్డాడు. "మూడడవుల్లో తిరగనివ్వమ్మా."

"నన్నడిగితే కాదు," అంది కాటుక నడుస్తూనే. "సభ కూడినప్పుడు వచ్చి అందరి ముందూ అడుగు."

నీతి: అందరూ కలిసి వేసుకున్న కట్టును తెంచమనేవాడు, అది తెగితే తానెక్కడ నిలబడతాడో ముందు చూసుకోవాలి.