చూలు వద్దు, జున్ను కావాలి

ఎర్రగుట్ట కింది అడవిలో ఎలుగుబంటి దొరకి ఒక పాలకేంద్రం ఉండేది. తల్లి లేని పిల్లలకి, పళ్లూడిన ముసలివాళ్లకి అక్కణ్ణుంచే పాలు వెళ్లేవి. పనిచేసేవాళ్లంతా గేదెలు. దొర మంచివాడే గానీ ఏడాదిలో సగం తేనెపట్ల వెంట తిరిగేవాడు, మిగతా సగం నిద్రపోయేవాడు. అలాంటి దొరల కింద పెత్తనం ఎవరు చేస్తారో వేరే చెప్పక్కర్లేదు. నక్క చేస్తుంది.

ఈ నక్క కొత్తగా వచ్చిన మేనేజరు. అంతకుముందు కోళ్ల ఫారంలో మేనేజరుగా చేశాడు. ఆ కోళ్లు ఏమయ్యాయని దొర అడగలేదు, ఇతను చెప్పలేదు. పాల గురించి అతనికి తెలిసిందల్లా అవి తెల్లగా ఉంటాయని. అయినా మెడలో కండువా ఉంది, మాటకు ముందు "నా అనుభవంలో" అనే అలవాటు ఉంది. పెత్తనానికి ఆ రెండూ చాలు.

కేంద్రం గుమ్మం పక్కన ఒక బండ ఉండేది. దాని మీద దొర తాతగారు చెక్కించిన కట్టడి ఉంది. చూలు పేరు చెప్పి ఎవరికీ పని లేదనకూడదు. ఈనడానికి ముందు పాలు నిలిచిపోయే వట్టి రోజుల్లో ఎవరికీ మేత ఆపకూడదు. ఈనాక ఎవరి చోటు వాళ్లకే ఉండాలి. నక్క వచ్చిన మర్నాటి నుంచి తన తడి కండువాని సరిగ్గా ఆ బండ మీదే ఆరేసుకునేవాడు. అక్కడ ఎండ బాగా తగులుతుందనేవాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. గుట్ట మీద గడ్డి మాడింది, వాగు ఎండింది. పచ్చిమేత ఉంటే గింటే పాలకేంద్రం తొట్టిలోనే ఉంది. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లి అనే గేదె పని వెతుక్కుంటూ అక్కడికి బయల్దేరింది. అప్పటికి ఏడో నెల చూలు. తనొక్కతే అయితే ఏ ఎండుకంపో నమిలి బతికేసేది. ఆ తొట్టి దగ్గర చోటు దొరక్కపోతే కడుపులో దూడ దక్కదని దానికి తెలుసు.

దారిలో మేకత్త ఆపింది. చూలు కట్టినప్పుడల్లా పని పోగొట్టుకున్న మేక అది, నోరు మాత్రం పోగొట్టుకోలేదు. చూలు మాట ఎత్తవద్దనీ, పొట్ట కనపడకుండా పక్కకి తిరిగి నిలబడమనీ బోధించింది.

"గేదె పొట్ట ఏ పక్కకి తిరిగితే కనపడకుండా పోతుంది అత్తా?" అంది బొల్లి.

"అదీ నిజమేనే. అయితే ఉన్నది చెప్పి చూడు. నీ అదృష్టం, వాడి బుద్ధి."

నక్క బొల్లి కొమ్ములు చూశాడు, గిట్టలు చూశాడు, తరవాత తను చూడాలనుకున్నచోట చూశాడు. పూటకి ఎన్ని పాలిస్తావని అడగలేదు. ఇంతకుముందు ఎక్కడ చేశావని అడగలేదు. దున్నపోతులతో స్నేహాలున్నాయా, ఇంకా ఎన్ని ఈతలు ఈనాలని ఉంది అంటూ పొరుగింటి పేరంటాలు కూడా అడగనివన్నీ అడిగాడు.

"ఏమే, చూలా?" అన్నాడు చివరికి.

"అవునండి. ఇంకా కొన్నాళ్లు పూటకి చెంబెడు పాలిస్తాను. ఈనాక బిందె నింపుతాను."

"ఈనాక సంగతి ఈనాక. నడుమ వట్టిపోయి ఊరికే కూర్చుని తింటావే, ఆ మేత ఎవడబ్బ సొమ్ము? నా అనుభవంలో చూలు గేదెలకి పని మీద మనసుండదు."

కోళ్ల దగ్గర అనుభవమేనా అన్న మాట బొల్లి నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కడుపులో దూడ కాలు జాడించింది. మాట మింగేసి, బండ మీద కట్టడి వేరేలా ఉందంటారు కదా అని మాత్రం అంది.

"బండ మీద కట్టడి ఉంది, తొట్టి మీద నా చెయ్యి ఉంది. బండ మేస్తావా, గడ్డి మేస్తావా?" అన్నాడు నక్క. తన తెలివికి తనే మురిసిపోయి, గుమ్మం చూపించాడు.

లోపల గేదెలన్నీ తలలు వంచుకుని మేస్తున్నాయి. చూలు కట్టినవాటిని నక్క ఎప్పుడో గెంటేశాడు. మిగిలినవాటి చేత దున్నపోతు నీడ కూడా తొక్కబోమని గడ్డి మీద ఒట్టు వేయించుకున్నాడు. వాటిలో పెద్దది కొమ్మాలు. అది ఒక్కతే తలెత్తి బొల్లి వైపు చూసి, సిగ్గుపడి మళ్లీ తొట్టిలోకి దించేసింది. దాన్నీ ఏమనగలం? దాని ఆకలి దానిది.

బొల్లి మేకత్తతో కలిసి ఎండిన వాగు గట్టున తుమ్మకాయలు ఏరుకు తింటూ వేసవిని ఈడ్చింది. డొక్కలు తేలాయి. పాలు ఎప్పుడో నిలిచిపోయాయి. దూడ కదిలినప్పుడు ప్రాణం లేచొచ్చేది, కదలని పూట భయంతో మేత సహించేది కాదు.

అక్కడ కేంద్రంలో జరగాల్సిందే జరిగింది. ఈనిక లేనిచోట పాడి ఎక్కణ్ణుంచి వస్తుంది? గేదెలకి ఒక్కొక్కదానికే పాలు తగ్గాయి. నక్క బావిని నమ్ముకుని బిందెలు నింపాడు. సగం మేత ఆదా చేశానని దొరకి కబురు పంపాడు. దొర తేనె నాకుతూ శభాష్ అన్నాడు.

తొలకరి పడింది. దొరకి నిద్రలేస్తూనే జున్ను మీదికి మనసుపోయింది. మర్నాడే వస్తున్నాననీ, కుండెడు జున్ను సిద్ధం చెయ్యమనీ, తేనె తనే తెచ్చుకుంటాననీ కాకి చేత చెప్పించాడు. కుండ ఏమిటి, గంగాళం నింపిస్తానని నక్క జవాబు పంపాడు. గేదెలని పిలిచి, రేపు మామూలు పాలు వద్దు, జున్నుపాలు ఇవ్వండని ఆర్డరు వేశాడు.

గేదెలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. కొమ్మాలు నెమ్మదిగా అంది. "ఈనిన గేదె తొలిపాలే జున్నుపాలండీ. మమ్మల్ని ఈనొద్దన్నారు కదా."

"అయితే ఇప్పుడు ఈనండి."

"పది నెలలు ఆగండి, అలాగే."

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నవాడి గురించి అందరం విన్నాం. ఈ మహానుభావుడు వాడికి గురువు, అసలు ఈనకుండానే జున్ను పెట్టమన్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు గిలగిల్లాడి, పొట్టతో వచ్చిన బొల్లి గుర్తొచ్చి వాగు గట్టుకి లగెత్తాడు.

ఆ ఉదయమే బొల్లి ఈనింది. ఆడదూడ. పీలగా ఉంది గానీ లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటోంది.

"బొల్లక్కా!" అన్నాడు నక్క.

మేకత్త తింటున్న ఆకు ఉమ్మేసింది. "మొన్న ఏమే, ఇవాళ అక్కా? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నమ్మకే అమ్మీ."

నమ్మాలని బొల్లికీ లేదు. ఆ ముఖం మీద ఒక్క తన్ను తన్నాలని ఉంది. కానీ దూడకి పాలు కావాలంటే తనకి మేత కావాలి. అందుకని కోపం దిగమింగి ఒకటే అడిగింది. "నేను ఎవరినని దొర అడిగితే ఏం చెబుతారు?"

"మా కేంద్రం గేదెవనే చెబుతాను. వేసవి నుంచీ మా దగ్గరే ఉన్నావని చెబుతాను."

"అంత మాట అందరి ముందూ అంటారా?"

"వెయ్యిసార్లు అంటాను."

అబద్ధం అతనికి ఖర్చులేని పని. దొర అటు వెళ్లగానే దీన్ని ఇటు గెంటెయ్యొచ్చని లోపల లెక్క వేసుకున్నాడు. బొల్లి తలూపి, దూడని నడిపించుకుంటూ అతని వెనకే వెళ్లింది. చూద్దామని మేకత్త కూడా వెళ్లింది.

మర్నాడు దొర వచ్చి బొల్లిని చూసి, ఈ కొత్త గేదె ఎవరన్నాడు.

"కొత్త గేదె కాదు ప్రభూ, మనదే. వేసవి నుంచీ మన పనిలోనే ఉంది. చూలని ఒక్క పూట మేత తగ్గించలేదు. మీ తాతగారి కట్టడి నాకు ప్రాణం."

"అందరూ విన్నారు కదా," అంది బొల్లి. "నేను వేసవి నుంచీ ఈ కేంద్రం గేదెని. అయితే ఈనాక కూడా ఈ చోటు నాదే. నన్ను ఇక్కణ్ణుంచి ఎవరూ తియ్యలేరు. అంతే కదా దొరా?"

"కట్టడి అదే," అన్నాడు దొర.

నక్క తన మాటలోనే ఇరుక్కుపోయాడు. బొల్లి పనిలో లేదంటే ఇప్పుడే అబద్ధమాడినట్టు. ఉందంటే ఇక గెంటలేడు. దొర ఈలోగా బొల్లి డొక్కల మీద చెయ్యి వేసి చూశాడు. ఎముకలు చేతికి గుచ్చుకున్నాయి. వేసవంతా మేత తిన్న ఒళ్లేనా ఇది అని అడిగాడు.

ఈసారి కొమ్మాలు తల దించుకోలేదు. "ఆవిడ ఈ తొట్టిలో మూతి పెట్టింది నిన్ననే దొరా. చూలని అప్పుడు గెంటేశారు. ఆవిడొక్కర్తినే కాదు, చాలామందిని. మేం చూలు కట్టబోమని ఒట్టేసి మిగిలాం. ఆ కండువా తీసి చూడండి, ఆయనకి ఏది ప్రాణమో తెలుస్తుంది."

దొర కండువా లాగి పారేశాడు. బండ మీది అక్షరాలు చాలా రోజుల తరవాత ఎండని చూశాయి.

"పని సాగాలి కదా ప్రభూ," అన్నాడు నక్క గొంతు సర్దుకుని. "నా అనుభవంలో ఈననివాళ్లే నిలకడగా పనిచేస్తారు."

"అలాగా. నువ్వెప్పుడైనా ఈనావా?"

"లేదు ప్రభూ."

"ముందు ముందు ఈనే ఉద్దేశం ఉందా?"

"అయ్యో, లేదు ప్రభూ."

"అయితే నీ అంత నిలకడైనవాడు ఈ అడవిలోనే దొరకడు. తొట్టి దగ్గర నిలబడు. గంగాళం అన్నావుగా, నింపు."

నక్కని గుంజకి కట్టి గంగాళం కింద పెట్టారు. పొద్దుగూకేదాకా అడవి పిల్లలంతా వచ్చి, మేనేజరుగారు ఎన్ని పాలిచ్చారని తొంగి చూసి వెళ్లారు. చుక్క పడలేదు. గెంటేసిన గేదెలన్నీ తిరిగొచ్చాక, ఈ గొడ్డు వల్ల మేత దండగని కొమ్మాలే కట్టు విప్పించింది. నక్క మళ్లీ ఎర్రగుట్ట ఛాయలకి రాలేదు. కండువాని మేకత్త నమిలేసింది.

బొల్లి ముందు దూడకి కడుపునిండా తాగించి, మిగిలిన పాలే దొరకి ఇచ్చింది. చిన్న ముంతెడు జున్ను అయింది. దొర ముంత నాకి, ఇంకొంచెం అన్నాడు.

"రేపు, దూడ తాగాక," అంది బొల్లి, తొట్టిలోంచి తల ఎత్తకుండానే.

చూలుని బరువన్నవాడికి జున్ను దక్కదు సరికదా, గంగాళం కూడా నిండదు.