పీత ఎవరికీ వీపు చూపదు

ఒకప్పుడు, గోదారమ్మ సముద్రంలో కలిసేచోట ఇసుక తిప్ప ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, పీతలు కూడా మనలాగే ముక్కుకు సూటిగా నడిచేవర్రా! నవ్వకండి. ఆ తిప్ప మీద కాపురముండే పీతాంబరం నడక చూస్తే, పల్లకీ దిగే పెళ్లికొడుకు కూడా సిగ్గుపడేవాడు.

తిప్పకి తూర్పున సముద్రుడు, పడమట గోదారమ్మ. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరూ దణ్ణాలు కోరేవాళ్లే. పీతాంబరానికి ఇద్దరూ కావాలి. ఆయన పోటుతో నాచు తెచ్చిపెడతాడు. ఆవిడ బొరియకి మెత్తటి ఒండ్రు ఇస్తుంది. ఆ బొరియలోనే పెళ్లాం చుక్కమ్మ, గంపెడు పిల్లలు.

చిక్కేమిటంటే, పెద్దరికం ఒకరి దగ్గర నిలిచేది కాదు. వానాకాలం గోదారమ్మ ఎర్రగా పొంగి సముద్రుణ్ణి అల్లంత దూరం నెట్టేసేది. ఎండాకాలం ఆవిడ చిక్కిపోగానే ఆయన ఉప్పునీళ్లతో ఎదురెక్కి వచ్చేవాడు.

"గెలిచేవాళ్ల పంచన చేరాలి బావా!" అంటూ శంఖం వెళ్లి సముద్రుడి ఒళ్లో కూర్చుంది. ఏమైంది? చెవి దగ్గర పెట్టుకుని చూడండి. దానికి సొంత మాటే లేదు, ఆయన హోరే!

పీతాంబరం అది చూసి భయపడ్డాడు. సరే, ఒకరికే అతుక్కుపోకుండా, ఎప్పుడు ఎవరిది పైచేయైతే అప్పుడు వాళ్లకే దణ్ణం పెడదామనుకున్నాడు. వానాకాలం రాగానే గోదారమ్మ వైపు సూటిగా నడిచాడు.

"నాకు వీపు చూపిస్తావట్రా?" అని సముద్రుడు ఒక్క కెరటం కొట్టాడు. బొరియ కూలింది.

ఎండాకాలం సముద్రుడి వైపు నడిచాడు. గోదారమ్మ వరదొచ్చేదాకా ఆగి, బొరియనిండా బురద నింపింది.

"ఏవయ్యా, నీ దణ్ణాలు మన కొంప మీదికే వస్తున్నాయి!" అంది చుక్కమ్మ, పిల్లల నెత్తిమీది బురద తుడుస్తూ.

అంతలో వచ్చింది అసలు గండం. పౌర్ణమి పోటూ, గోదారి వరదా ఒకేరోజు ఎదురుబొదురుగా వచ్చి నిలబడ్డాయి. మధ్యలో తిప్ప, తిప్ప మీద పీతాంబరం.

"ఇవాళ తేల్చరా! ఎవరివాడివి?" అన్నాడు సముద్రుడు.

"తప్పు చెప్పావో, పిల్లల్తో సహా కొట్టుకుపోతావు," అంది గోదారమ్మ.

పీతాంబరం "నారాయణా!" అనుకున్నాడు. స్వామి కరుణామయుడు కదా, ఓ సంగతి తట్టించాడు. గుడిలో దర్శనం అయ్యాక భక్తులు స్వామికి వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తారే, అదీ! వెంటనే సముద్రుడికి మొక్కి, వెనక్కి అడుగేశాడు.

"ఓరి భడవా! ఆ వీపు వచ్చేది నా మీదికే!" అని అరిచింది గోదారమ్మ.

"ముందుకెళ్తే ఒకరికి కోపం, వెనక్కొస్తే ఇంకొకరికి కోపం," అని చుక్కమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంక అడ్డంగా నడువు!"

విసుగులో అన్న మాట. పీతాంబరం మాత్రం టక్కున దక్షిణానికి తిరిగాడు. ఒక కన్ను సముద్రుడి మీద, ఒక కన్ను గోదారమ్మ మీద పెట్టాడు. రెండు డెక్కలూ ఎత్తి చెరోవైపు దణ్ణం పెట్టాడు. చకచకా అడ్డంగా సముద్రుడి దగ్గరికి వెళ్లి నాచు తిన్నాడు. చకచకా అడ్డంగా గోదారమ్మ దగ్గరికి వెళ్లి ఒండ్రు తెచ్చుకున్నాడు. వీపు ఎవరికీ చూపలేదు!

పెద్దలిద్దరూ తెల్లబోయారు. ఏ తప్పని పట్టుకుంటారు?

"మరి నువ్వు ఎవరి వైపురా?" అన్నారు ఒక్క గొంతుతో.

"నా బొరియ వైపు, మహాప్రభో!" అన్నాడు పీతాంబరం, అడ్డంగానే లోపలికి దూరిపోతూ.

సముద్రుడికి నవ్వొచ్చింది. ఆయన నవ్వితే గోదారమ్మ ఊరుకుంటుందా? ఆవిడా నవ్వింది. నవ్వుతూనే ఇద్దరూ చెరో అడుగు వెనక్కి తగ్గారు. తిప్ప మిగిలింది, పిల్లలు మిగిలారు.

అదిగో, అప్పటినుంచే పీత అడ్డంగా నడుస్తుంది, డెక్కలు ఎత్తే ఉంచుతుంది. అయితే ఆ ఎత్తిన డెక్కలు దణ్ణానికా, దెబ్బకా అని తేల్చుకోవడానికి మాత్రం వేలు పెట్టకండర్రా!