తెలియదు చీటీ

సముద్రగాలి తగిలే ఒక యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో అపురూప అనే మూడో ఏడాది విద్యార్థిని ఉండేది, ఆ పిల్ల నోట అన్ని మాటలూ పలికేవి గానీ ‘తెలియదు’ అన్న మాట మాత్రం చచ్చినా పలికేది కాదు.

అలాగని తెలివితక్కువదనుకునేరు! రెండేళ్ళూ క్లాసులో మొదటి స్థానం ఆమెదే. ఏ నరం ఎటు పోతుందో, ఏ మందు ఏం చేస్తుందో పేజీ నంబరుతో సహా చెప్పేది. తెలిసినంతవరకూ బాగానే ఉండేది. తెలియని చోటే వచ్చేది చిక్కు. అక్కడ కూడా అదే గొంతుతో, అదే ధీమాతో ఏదో ఒకటి చెప్పేసేది. ఒకసారి ఎవరో పెద్దాయన ఎక్స్‌రే గదికి దారి అడిగాడు. ఆమె ఆ వైపు ఎన్నడూ వెళ్ళి ఎరగదు. అయినా చెయ్యి చాచి మరీ చూపించింది. పాపం, ఆయన తిరిగి తిరిగి ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే డాబా మీద తేలాడు.

ఆ కాలేజీకి మూడంతస్తుల లైబ్రరీ ఉండేది. ఊరికే పుస్తకాలు పేర్చిపెట్టిన లైబ్రరీ కాదది. మొదటి ఏడాది పిల్లలకు చదువుకోవడానికి అక్కడ ఎముకల పెట్టెలు అరువిచ్చేవారు. రోగులకు అర్థమయ్యే తెలుగులో కరపత్రాలు రాసి పంచేవారు. అన్నిటికన్నా గొప్పది సందేహాల బల్ల. కొండల మీది చిన్న ఆసుపత్రుల డాక్టర్లకు ఏదైనా చిక్కొస్తే ఆ బల్ల మీది ఫోనుకే చేసేవారు. అవతల వాళ్ళు వైద్యం చేస్తుంటే, ఇవతల వీళ్ళు పుస్తకాలూ పత్రికలూ గాలించి కావలసిన సంగతి అందించేవారు.

ఆ లైబ్రరీని నడిపేది సన్యాసమ్మ గారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో ఆవిడకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అయినా పుస్తకం తీసి, పేజీ తిప్పి, చూశాక గానీ ఎవరికీ ఏదీ చెప్పేవారు కాదు. "మా లైబ్రరీ" అన్నప్పుడల్లా ఆవిడ మెడ ఒక అంగుళం పొడుగయ్యేది.

విద్యార్థుల కోసం ఆవిడ ‘గ్రంథాలయ మిత్ర’ అని ఒక పథకం పెట్టారు. చేరినవాళ్ళు వారానికి రెండు పూటలు సందేహాల బల్ల దగ్గర కూర్చోవాలి. ఏడాది చివర వార్షికోత్సవంలో బాగా పనిచేసినవాళ్ళకు ఒక పతకం. పతకం అన్నాక అపురూప ఊరుకుంటుందా? అందరికన్నా ముందు చేరింది.

బల్ల దగ్గర ఒకటే నియమం. ఎవరు ఏది అడిగినా ముందు ఒక పసుపు చీటీ నింపాలి. దాని మీద అచ్చువేసిన మొదటి మాట ‘నాకు తెలియనిది’. దాని పక్కన రాశాకే వెతకడం మొదలుపెట్టాలి. జవాబు దొరికాక అది ఎక్కడ దొరికిందో కింద రాయాలి. పిల్లలు దానికి ‘తెలియదు చీటీ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. బల్ల వెనక గోడకు ఒక్కో మిత్రకు ఒక్కో ఇనప తీగ ఉండేది. నింపిన చీటీ ఆ తీగకు గుచ్చాలి. మిగతావాళ్ళ తీగలు బంతిపూల దండల్లా నిండుతూ ఉంటే, అపురూప తీగ మాత్రం బోసిగా ఉండిపోయింది.

"ఏటమ్మా, నెల్లాళ్ళయింది. ఒక్క చీటీ లేదు?" అని అడిగారు సన్యాసమ్మ గారు.

"నన్నడిగినవన్నీ నాకు తెలిసినవే మేడమ్. తెలియదని అబద్ధం రాయమంటారా?" అంది అపురూప.

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిడా నవ్వారు.

"ముప్పై ఏళ్ళ నుంచీ రోజుకు పదిసార్లు తెలియదని రాస్తున్నాను తల్లీ. ఈ సొరుగుల నిండా నా తెలియదులే. నేను కూడబెట్టిన ఆస్తి అదే," అని బీరువాను ప్రేమగా తట్టారు.

"ఆస్తట!" అని అపురూప మనసులోనే ముక్కు విరిచింది. ముప్పై ఏళ్ళ పాటు తెలియదని రాసుకునేవాళ్ళను ఏమంటారో ఆమెకు తెలుసు. మర్యాద కొద్దీ పైకి అనలేదు.

వానాకాలం వెళ్ళీ వెళ్ళకుండా ఉండగా మొదటి ఏడాది పిల్లలు కొత్తగా వచ్చారు. లైబ్రరీ ఎలా వాడుకోవాలో నేర్పడానికి సన్యాసమ్మ గారు వాళ్ళను పిలిపించారు. ముప్పైమంది బిలబిలమంటూ వచ్చి నిలబడ్డారు. "ఇదిగో, రెండేళ్ళూ ఫస్టు వచ్చిన మీ అక్క," అని ఆవిడ అపురూపను చూపించారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. అపురూపకు ఏనుగెక్కినంత సంబరమయింది. తరవాత ఆవిడ పిల్లలందరినీ పై అంతస్తుకు తీసుకెళ్ళారు. బల్ల దగ్గర అపురూప ఒక్కతే మిగిలింది.

మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది.

"గ్రంథాలయ మిత్రేనా? నేను కొండపాలవలస ఆసుపత్రి నుంచి డాక్టర్ శశిభూషణ్‌ని. బడిపిల్లలు నలుగురు నేపాళం గింజలు తిన్నారమ్మా. ఒకటే వాంతులు. సెలైన్ ఎక్కిస్తున్నాం. ఆ గింజ ఎంత ప్రమాదమో నాకు వెంటనే తెలియాలి." ఆయన గొంతులో కంగారు దాగలేదు. "ఇక్కడున్నది ఒకటే అంబులెన్సు. పురిటి నొప్పులతో ఒకావిడ ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషను కావాలి. కింద పెద్దాసుపత్రికి వెళ్ళడానికే గంటన్నర పడుతుంది. అందరూ ఒక బండిలో పట్టరు. పిల్లల్ని పంపాలా, ఆవిణ్ణి పంపాలా? నువ్వు చెప్పేదాన్ని బట్టే ఉంది."

నేపాళం! ఆ పేరు అపురూప ఏదో పాత పుస్తకంలో చదివింది. భయంకరమైన విషమనీ, నాలుగు గింజలకే ప్రాణం పోవచ్చనీ చదివినట్టు గుర్తు. ఆ మొక్కను ఆమె ఎన్నడూ చూడలేదు. పసుపు చీటీల కట్ట మోచేతికి ఆనుకునే ఉంది. దాన్ని కాస్త పక్కకు జరిపింది.

"నాకు తెలుసు సార్. చాలా ప్రమాదం. పిల్లల్నే పంపించండి," అంది.

"ఖాయమేనా అమ్మా?"

"ఖాయమే సార్."

ఫోను పెట్టేసి అపురూప కుర్చీలో వెనక్కి వాలింది. ఒక్క పుస్తకమైనా తెరవకుండా నాలుగు ప్రాణాలు నిలబెట్టానని తనను తానే మెచ్చుకుంది. ఇక పతకం ఎవరికి రావాలో వేరే చెప్పాలా అనుకుంది.

పావుగంట తరవాత సన్యాసమ్మ గారు పిల్లలతో సహా కిందికి దిగారు. "ఫోను మోగినట్టుందే?" అన్నారు. అపురూప జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది, నలుగురూ వినేలా కాస్త గట్టిగానే చెప్పింది. వింటున్నకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు మాయమయింది.

"నేపాళమా? ఏ నేపాళం?"

"ఏ నేపాళమేమిటి మేడమ్? నేపాళమే!"

ఆవిడ వెంటనే సొరుగు లాగి, రంగు వెలిసిన ఒక చీటీ తీసి అపురూప చేతిలో పెట్టారు. పద్దెనిమిదేళ్ళ కిందటి చీటీ. ఆవిడ సొంత దస్తూరీ. ‘నాకు తెలియనిది: నేపాళం అంటే ఏ మొక్క?’ దాని కింద ఇలా ఉంది: ‘పేరొకటే, మొక్కలు రెండు. అసలు నేపాళం ప్రాణాంతకం. అడవి ఆముదాన్ని కూడా కొన్ని ఊళ్ళలో నేపాళమే అంటారు. దాని గింజలు తింటే వాంతులూ విరేచనాలూ అవుతాయి, దగ్గరుండి చూసుకుంటే చాలావరకు తేరుకుంటారు. మొక్కను చూడందే జవాబు చెప్పకు.’

అపురూప ఆ చీటీ రెండోసారి చదివింది. అది అడవి ఆముదమే అయితే? పిల్లలు ఏ అవసరమూ లేకుండా కొండ దిగుతున్నారు. అక్కడ ఆ తల్లి బిడ్డను కడుపులో పెట్టుకుని బండి కోసం ఎదురుచూస్తోంది.

"మేడమ్, మీరు ఫోను చేసి చెప్పండి," అంది అపురూప.

"చెప్పింది నువ్వు. చెయ్యాల్సిందీ నువ్వే." ఆవిడ ఫోను ఆమె చేతికిచ్చారు.

"ఏమని చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

ముప్పైమంది పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నారు. ఇందాక నోళ్ళు తెరుచుకున్న పిల్లలే. అపురూపకు తల కొట్టేసినట్టయింది. ఫోను కలిసింది.

"సార్, నేను లైబ్రరీ నుంచి. అదీ... ఇంకోసారి సరిచూసుకుంటే మంచిదేమోనని..."

"సరిచూసుకోవడమేమిటమ్మా? అంబులెన్సు బయల్దేరి పోయింది. ఖాయమన్నావుగా!"

ఇంకా నీళ్ళు నమలడానికి వ్యవధి లేదు. అపురూప కళ్ళు గట్టిగా మూసుకుంది.

"సార్, నాకు తెలియదు. వాళ్ళు తిన్నది ఏ మొక్క గింజో నాకు తెలియదు. తెలియకుండానే ఖాయమన్నాను. తప్పు నాది."

చిత్రం చూశారా, ఆ మాట నోటి నుంచి ఊడిపడగానే దాని వెనకే అడగవలసిన ప్రశ్న వచ్చేసింది.

"సార్, ఆ మొక్కను చూసినవాళ్ళు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

నర్సు పాంగి సుమతి ఫోను అందుకుంది. "నేను చూశానండి. బడి కంచెకు వేసిన మొక్కే కదా అది."

"ఆకు ఎలా ఉంటుందండీ?"

"వెడల్పుగా, మూలలు మూలలుగా ఉంటుంది. ఆముదం ఆకుకు చెల్లెలనుకోండి. కొమ్మ తుంచితే పాలు కారతాయి. చిన్నప్పుడు మేమంతా ఆ పాలతో బుడగలు ఊదేవాళ్ళమండి."

"నేనూ ఊదాను!" అని ఫోనుకు చెవి ఒగ్గి వింటున్న సన్యాసమ్మ గారు ఎగిరినంత పనిచేశారు. వెంటనే సర్దుకున్నారు. "అయినా సరే, ఆకూ కాయా గింజా ఫొటో తీసి పంపమను."

బడి ఆసుపత్రి పక్కనే. రెండు నిమిషాల్లో అపురూప మొబైలుకు ఫొటోలు వచ్చాయి. అపురూప మొక్కల పుస్తకం తెరిచింది. రెండు మొక్కల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఈలోగా సన్యాసమ్మ గారు కబురంపితే పిల్లల వైద్యం చెప్పే ప్రొఫెసరు గారు గబగబా వచ్చారు. ఆయన ఫొటోలు చూసి, పుస్తకం చూసి, "అడవి ఆముదమే," అన్నారు. బండెక్కేటప్పటికి పిల్లలు ఎలా ఉన్నారో డాక్టర్ శశిభూషణ్‌ను అడిగి తెలుసుకుని, వాళ్ళను వెనక్కి రప్పించి అక్కడే ఏమేం చెయ్యాలో చెప్పారు.

ఇక బండిని వెనక్కి తిప్పాలి. ఘాట్ రోడ్డు మీద ఉన్న డ్రైవరు ఫోను డాక్టరు గారికి ఒక పట్టాన కలవలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ కాసేపూ అపురూప గోడ గడియారం కేసి చూస్తూ నిలబడింది. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. నాలుగోసారి డ్రైవరు ఎత్తాడు. బండి మలుపులో తిరిగి కొండెక్కింది. పిల్లల్ని దింపింది, తల్లిని ఎక్కించుకుంది.

అయిదున్నరకు కబురు వచ్చింది. ఆపరేషను అయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకో అరగంట ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదని పెద్దాసుపత్రివాళ్ళు అన్నారట. కొండ మీద పిల్లలు నలుగురూ మర్నాటికి గంజి తాగి, ఆ మర్నాటికి బడి మాట ఎత్తగానే మళ్ళీ కడుపునొప్పి అన్నారు. అంటే పూర్తిగా కోలుకున్నారన్నమాట.

ఆ సాయంత్రం ఆపరేషను కబురు వినగానే అపురూప బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "నా మూలంగా ఎంత సమయం పోయింది మేడమ్! ఆ బిడ్డకేమన్నా అయి ఉంటే?"

సన్యాసమ్మ గారు ఆ తప్పును చిన్నది చేసి చెప్పలేదు. "సమయం పోయింది. నిజమే. నువ్వు అందరి ముందూ ఆ మాట అనకపోతే ఇంకా పోయేది. అంత గట్టి మాట అనడానికి గుండె కావాలి తల్లీ. నీకుంది," అన్నారు. ఆవిడ కళ్ళలో గర్వం అపురూపకు స్పష్టంగా కనిపించింది. రెండేళ్ళ ఫస్టు మార్కులకు కూడా ఆవిడ అలా చూడలేదు.

అపురూప కళ్ళు తుడుచుకుని పసుపు చీటీ ఒకటి లాక్కుంది. ‘నాకు తెలియనిది: నేపాళం అంటే ఏ మొక్క. అది నాకు తెలియదన్న సంగతి కూడా’ అని రాసింది. లేచి, తన బోసి తీగకు తానే గుచ్చింది.

ఆ ఏడాది పతకం ఇంకెవరికో వచ్చింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అపురూపే. నర్సు సుమతి ఆ పసిపాప ఫొటో పంపితే బల్ల వెనక గోడకు అంటించింది. మరుసటి ఏడు కొత్త పిల్లలు వచ్చినప్పుడు సన్యాసమ్మ గారు మళ్ళీ ఆమెను చూపించి, "మీ అక్క," అని ఊరుకున్నారు. అపురూప నిండిన తన తీగను మేకు నుంచి తీసి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. ఆ పసుపు దండ ఆమె మోకాళ్ళ దాకా వేలాడింది.

"ఇవన్నీ నా తెలియదులు," అంది. "ఇప్పుడివన్నీ నాకు తెలుసు. మొదటిది ఎవరి ప్రాణం నిలబెట్టిందో చూడండి," అని గోడ మీది ఫొటో చూపించింది. అప్పుడు ఆమె మెడ కూడా ఒక అంగుళం పొడుగయింది.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. తెలియకపోయినా తెలుసని చెప్పడానికే సిగ్గుపడాలి.