సన్యాసినాయుడు మాస్టారి కోడిగుడ్లు

ఆచార్య సుభాషిణి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా ప్రశ్న అడిగితే ఆ రోజున జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం" అనేసి, అడిగిన మనిషికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ శిష్యులు కుర్రవాళ్ళేమీ కారు. హైస్కూళ్ళలో సైన్సు చెప్పే పంతుళ్ళు, పంతులమ్మలు. వారి కోసమని యూనివర్సిటీ వారు వేసవి సెలవుల్లో జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ నడిపేవారు. నెరిసిన జుట్టూ, మోకాళ్ళ నొప్పులూ వెంటబెట్టుకుని వచ్చి, ఆ పెద్దమనుషులంతా మే నెల ఉక్కలో బెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవారు.

వారిలో గొర్లె సన్యాసినాయుడు మాస్టారు ఒకరు. పార్వతీపురం అవతల ఒక ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నారు. ఆయన రంగుసుద్దలతో బోర్డు మీద గుండె బొమ్మ వేస్తే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గరికొచ్చి చూసేవారు. ఈ చదువు గట్టెక్కితే జూనియర్ కాలేజీకి ప్రమోషన్ మీద వెళ్ళొచ్చు. ఆ చదువుతో అంతకు మించి తనకేం పని ఉందో ఆయనకు బోధపడలేదు. ఒకనాడు ల్యాబులో ఆ మాటే వినయంగా అడిగారు.

"మేడమ్, పద్దెనిమిదేళ్ళుగా ఈ పాఠాలే చెబుతున్నాను. కళ్ళు మూసుకున్నా పేజీలు కనబడతాయి. ఇంతదూరం వచ్చి నేను కొత్తగా చూడాల్సింది ఏముందంటారు?"

సుభాషిణి గారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. "చూద్దాం మాస్టారూ. ముందు మీ ప్రాక్టికల్ ఒకటి మిగిలింది కదా. రెండు రోజులు పొదిగిన గుడ్డులో పిండాన్ని బుధవారం నాకు చూపించండి. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి రికార్డులో రాయండి" అన్నారు.

అదేమంత పని అనిపించింది నాయుడు మాస్టారికి. సోమవారం పొద్దున్నే యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో డజను గుడ్లు కొని, ల్యాబులో ఇన్‌క్యుబేటర్‌లో పెట్టేశారు. ఖాళీగా కూర్చోవడం ఎందుకని, కిందటేడు పాసైన ఒకాయన రికార్డు అడిగి తెచ్చుకుని, మంగళవారం కల్లా బొమ్మ వేసేశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది బొమ్మ కాదు, ముత్యం. వంకర తిరిగిన వెన్ను, నల్లపూసలాంటి కన్ను, చుట్టూ ఎర్రటి రక్తనాళాల వల, మధ్యలో గుండె. కింద గుండ్రటి అక్షరాలతో "గుండె స్పందన: నిమిషానికి 112" అని రాశారు. తోటి మాస్టార్లు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు.

బుధవారం వచ్చింది. నాయుడు మాస్టారు మొదటి గుడ్డు జాగ్రత్తగా పగలగొట్టి, గోరువెచ్చని ఉప్పునీళ్ళున్న గాజుపళ్ళెంలోకి జార్చి, మైక్రోస్కోపు కింద పెట్టారు. సుభాషిణి గారు పక్కన నిలబడి రికార్డు తెరిచారు. బొమ్మను చూశారు, పళ్ళెంలోకి చూశారు, మళ్ళీ బొమ్మను చూశారు.

"గుండె కనిపిస్తోందా మాస్టారూ?"

నాయుడు మాస్టారు కన్ను ఆనించారు. పచ్చగా ఉంది. ఆ పచ్చదనం మీద తెల్లగా ఒక చుక్క ఉంది. అంతకు మించి ఏమీ లేదు. కానీ రికార్డులో ఉన్నది ఇక్కడ లేకపోవడం ఎలా జరుగుతుంది? ఆయన స్క్రూ అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"కొంచెం మసగ్గా ఉంది మేడమ్. కనబడుతోంది."

"ఎన్నిసార్లు కొట్టుకుంటోంది?"

ఆయన ఎడమచేతి వాచీ వంక ఒక కన్నూ, మైక్రోస్కోపులో ఒక కన్నూ వేసి, పెదాలు కదుపుతూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టారు. చివరికి తలెత్తి, "నూట పన్నెండు" అన్నారు.

సరిగ్గా అప్పుడే హాస్టల్ వంటమనిషి పోలమ్మ ఫ్లాస్కుతో టీ తెచ్చింది. బల్ల మీద ఫ్లాస్కు పెడుతూ పళ్ళెంలోకి తొంగిచూసి, ఇన్‌క్యుబేటర్‌లో మిగిలిన గుడ్ల వంక చూసింది.

"ఏటి బాబూ, ఈ తెల్లగుడ్లు పొదగేసినారా? ఇవి ఫారం గుడ్లు. అక్కడ పెట్టలే ఉంటాయి, పుంజుండదు. పుంజు నేకుండా పిల్లెలాగొస్తాది?"

వెనక బెంచీలో ఒక పంతులమ్మ గారికి దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు. నాయుడు మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. పూలమొక్కల్లోనూ జంతువుల్లోనూ ఫలదీకరణం గురించి ఆయన పద్దెనిమిదేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దారు. దాని మీద నాలుగు మార్కుల ప్రశ్న కూడా ఆయనే తయారుచేశారు.

సుభాషిణి గారు తిట్టలేదు, నవ్వలేదు. ఆ పేజీని మెల్లగా చింపి, మడిచి ఆయన చేతికిచ్చారు. "రికార్డుల మీద సంతకాలకు శనివారం ఆఖరు. ఇంకా టైముంది" అని, టీ తాగి వెళ్ళిపోయారు. సంతకం పడకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక ఏడాది పోతుంది, ప్రమోషన్ జాబితాలో పేరూ పోతుంది.

ఆ సాయంత్రం నాయుడు మాస్టారు హాస్టల్ వెనక పోలమ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ పెరట్లో నాటుకోళ్ళున్నాయి. పొగరుగా తిరిగే పుంజు కూడా ఒకటి ఉంది. దాన్ని ఆయన చాలా మర్యాదగా చూశారు.

"పోలమ్మా, గుడ్లు కావాలి."

"మీరు పిల్లలకేటి సెప్తారు బాబూ?"

"జీవశాస్త్రం."

పోలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. బుట్టలోంచి నాలుగు గుడ్లు ఏరి ఇచ్చింది. "ఒక్క మాట. తెరిసినప్పుడు నన్నూ పిలవాల. నలబయ్యేళ్ళ బట్టీ పొదిగిస్తన్నాను, గుడ్డు నోపల ఏటవుతాదో ఎప్పుడూ సూడనేదు" అంది.

శనివారం పొద్దున్న ల్యాబులో సుభాషిణి గారు, మాస్టారు, పోలమ్మ ముగ్గురే ఉన్నారు. నాయుడు మాస్టారు గురువారం పొద్దున్న పొదగేసిన నాటుగుడ్డు పగలగొట్టారు. ఈసారి మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది. పచ్చసొన మీద, దారపు పోగుల్లాంటి ఎర్రటి గీతల మధ్య, ఆవగింజంత చుక్క ఒకటి కదులుతోంది. ఆగి కదులుతోంది, ఆగి కదులుతోంది. ఎవరికీ చెప్పకుండా, తన పని తాను చేసుకుపోతోంది. మాస్టారు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. వాచీ చేతికే ఉంది. పెన్సిలు చెవి మీదే ఉంది.

"ఎన్నిసార్లు?" అని అడిగారు సుభాషిణి గారు కొంతసేపటికి.

"లెక్కపెట్టలేదు మేడమ్" అన్నారు మాస్టారు. చెవి మీది పెన్సిలు తీసి, "మరిచిపోయాను" అన్నారు.

అప్పుడు లెక్కపెట్టారు. తొంభై నాలుగు వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెడితే ఎనభై తొమ్మిదే వచ్చింది. పళ్ళెం చల్లబడుతోంది కాబోలు. రెండూ రాశారు. పళ్ళెంలోంచి కళ్ళు తిప్పకుండానే బొమ్మ వేశారు. కన్ను ఒక పక్కకు పోయింది, నాళాలు ముల్లంగి వేళ్ళలా వచ్చాయి. ఆయన జన్మలో అంత అధ్వాన్నమైన బొమ్మ వేసి ఉండరు. సుభాషిణి గారు దాని కింద సంతకం పెట్టారు.

హమ్మయ్య అనుకుని నాయుడు మాస్టారు రికార్డు మూయబోయారు. పోలమ్మ మాత్రం పళ్ళెం మీదినుంచి తల ఎత్తలేదు.

"బాబూ, ఇంక ఇది పిల్లవదు కదా?"

"అవదు, పోలమ్మా."

"అయితే ఓ మాట సెప్పండి. ముందు నెత్తురొచ్చినాదా, గుండొచ్చినాదా? నెత్తురు నేకపోతే గుండె దేన్ని తోస్తాది? గుండె నేకపోతే నెత్తురెలా తిరుగుతాది?"

నాయుడు మాస్టారు జవాబు చెప్పడానికి అలవాటు చొప్పున నోరు తెరిచారు. సుద్దముక్క పట్టుకున్నట్టు చెయ్యి కూడా గాల్లోకి లేచింది. సుభాషిణి గారు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా కిందికి దిగింది.

"నాకు తెలీదు, పోలమ్మా" అన్నారాయన. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ముప్పై గంటలప్పుడు ఒకటి తెరిచి చూడాలి. ఇంకా ముందు ఇంకొకటి చూడాలి. మీ పెట్ట రేపు గుడ్డు పెడుతుందా?" అన్నారు.

"పెడతాది."

సంతకాల పని అయిపోయింది. పరీక్షకు అడ్డేమీ లేదు. సాయంత్రం బస్సుకి మాస్టార్లందరూ పెట్టెలు సర్దుకుంటున్నారు. నాయుడు మాస్టారు కొంచెం మొహమాటంగా గురువుగారి వైపు తిరిగారు.

సుభాషిణి గారు ల్యాబు తాళంచెవి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకున్నారు.

"ఇన్‌క్యుబేటర్ ఖాళీగానే ఉంటుంది మాస్టారూ" అన్నారు.