గోరింట ఆవు, మూడు చుక్కల మందు

అనగా అనగా, ఊరికి పొద్దు దూడ అరుపుతోనే మొదలయ్యే కాలంలో, ఒక ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దాన్ని కీర్తిధరుడనే రాజు ఏలేవాడు. ఆయన కొట్టంలో నూరు ఆవులు. ఆ నూరు ఆవులకూ మంత్రసాని గురవమ్మ.

గురవమ్మ ముగ్గురు బిడ్డల తల్లి. మాట తక్కువ మనిషి. ఏ ఆవు ఎదకు వచ్చిందో, ఏది చూలు నిలుపుకుందో, ఏది రేపు ఈనుతుందో చెయ్యి వేసి చెప్పేది. ఎంత పొగరుబోతు ఆవైనా ఆమె దాని ముట్టె, అదే మూతిని, నిమిరితే కదలకుండా నిలబడేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పెయ్యను, అంటే ఆడదూడను, దానమిచ్చే ముందు మంత్రసాని దాని వెన్ను మీద చెయ్యి పెట్టి, "ఇది తల్లవుతుంది" అని పదిమంది ముందు పలకాలి. ఆ మాట పలికితేనే పలుపు తాడు చేతులు మారేది. గొడ్డుపోయిన పశువును దానమివ్వడం అక్కడ మహాపాపం.

ఒక సంవత్సరం ఏటికి వరద వచ్చింది. అవతలి ఒడ్డున ఉన్న పల్లెల పశువులన్నీ కొట్టుకుపోయాయి. పసిపిల్లలకు పాలచుక్క లేకుండా పోయింది. రాజుకు జాలి కలిగింది. నిండు సభలో లేచి నిలబడ్డాడు.

"మూడేళ్ళలో మూడువందల పెయ్యలను దానం చేస్తాను!"

సభ జయజయలు పలికింది. గురవమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది.

"ప్రభూ, ఆవు ఏడాదికి ఒక్క దూడనే కదా ఈనేది. అందులో సగం మగవి, కోడెలు. ఎంత చూసినా నూటయాభై పెయ్యలకు మించవు."

"మాట అనేశాను గురవమ్మా. ఇక అయి తీరాలి."

ఆ సంగతి పక్క రాజ్యాలకు పాకింది. నెల తిరక్కుండా శంఖయ్య అనే మందులవాడు దిగాడు. చేతిలో గాజు బుడ్డి. అందులో పలచని పసుపు నీరు.

"మహారాజా, ఇది చూలు గుర్రాల నెత్తురు నుంచి వడగట్టిన మందు. ఆవు పొట్టలో రెండు గింజల సంచులుంటాయి. ఇరవై ఒక్క రోజులకోసారి ఎన్నో గింజలు పండడానికి బయలుదేరతాయి. చివరికి పండేది ఒక్కటే. తక్కినవన్నీ వాడిపోతాయి. ఎంత వృథా! నా మందు వాటిని వాడనివ్వదు."

"తక్కినవి ఎందుకు వాడిపోతాయయ్యా?" అని గురవమ్మ అడిగింది.

"ఎందుకేమిటి? బలం చాలక."

"కడుపులో ఒక్కదానికే చోటుంది కనకనేమో."

శంఖయ్య పకపకా నవ్వాడు. "పేడ ఎత్తడం నీకు తెలుసు తల్లీ. గింజల సంగతి నాకొదిలెయ్."

సభ అంతా నవ్వింది.

కొట్టంలో గోరింట అనే ఎర్రావు ఉంది. తల్లి చచ్చిపోతే గురవమ్మే దానికి గుడ్డపీలిక పాలలో ముంచి నోట్లో పెట్టి సాకింది. దానితో గురవమ్మ మాట్లాడేది, అదీ గురవమ్మతో మాట్లాడేది. రెండేళ్ళుగా గోరింట ఎదకు రాలేదు. తోళ్ళవాళ్ళకు తోలెయ్యమని రాజు ఆజ్ఞ అయింది.

గురవమ్మ శంఖయ్య దగ్గరికే వెళ్ళింది. "దీనికి ఒక్క చుక్క వెయ్యి బాబూ. ఒక్కటంటే ఒక్కటే."

"ఇప్పుడు కావలసొచ్చానా?" అంటూనే శంఖయ్య ముళ్ళపంది ముల్లులోకి ఒక చుక్క తీశాడు. గురవమ్మ ముట్టె నిమిరింది. గోరింట నిలబడింది. ముల్లు దిగింది.

నాలుగో రోజుకు గోరింట ఎదకు వచ్చింది. తొమ్మిది నెలలు నిండుగా మోసింది. ఒక్క పెయ్యదూడను ఈనింది. పొద్దెక్కేలోపు కడుపులోని మావి పూర్తిగా పడిపోయింది. చెంబు నిండా ముర్రుపాలు.

గురవమ్మ ఆ పాలతో జున్ను వండి రాజుకు తీసుకెళ్ళింది. "మందు మంచిదే ప్రభూ" అంది.

ఆ మాట ఆమే అంది. ఇంకెవరూ అనలేదు.

"ఒక చుక్కకు ఒకటైతే రెండు చుక్కలకు రెండు!" అని రాజు తొడ చరిచాడు. "నూరు ఆవులకూ వెయ్యండి."

"ప్రభూ, గోరింటకు లోపం ఉంది, మందు సరిపెట్టింది. తక్కినవాటికి లోపమేముందని?"

"నువ్వే కదా మంచిదన్నావు?"

గురవమ్మ ఖాళీ జున్ను గిన్నె తీసుకుని కొట్టానికి వెళ్ళింది.

రెండో ఏడు కొట్టమంతా కవలలు. రాజు తోరణాలు కట్టించాడు, డప్పులు కొట్టించాడు. జనం బారులు తీరి చూసి పోయారు. వాళ్ళు చూడనిది గురవమ్మ చూసింది. దూడలు నెలలు నిండకుండా పడ్డాయి. కోడిపిల్లల్లా వణికాయి. తల్లులకు మూడు రోజులైనా మావి పడలేదు. కొట్టంలో కుళ్ళు వాసన. పన్నెండు ఆవులు లేవలేదు.

గోరింట కూడా కవలల్నే ఈనింది. ఒక కోడె, ఒక పెయ్య. అది బతికింది. కానీ నిలబడితే వెనక కాళ్ళు వణికేవి.

గురవమ్మ సన్నని తామరతూడుకు వెన్న రాసి పెయ్యలన్నిటినీ పరీక్ష చేసింది. ఈ పరీక్ష వాళ్ళమ్మ నేర్పింది. మంచి పెయ్యకు తూడు ఈనే దారిలో జానెడు దిగుతుంది. కోడెతో కలిసి పుట్టిన పెయ్యల్లో నాలుగు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఒకటి కాదు, రెండు కాదు.

పరుగున రాజు దగ్గరికి వెళ్ళింది. "ప్రభూ, కోడెతో ఒకే కడుపులో పెరిగిన పెయ్యకు చూలు నిలవదు. లోపల రెండు మావులూ అంటుకుంటాయి. కోడె నెత్తురు పెయ్యలో పారుతుంది. పెయ్యకు గర్భసంచి ఎదగదు. ఎక్కడో ఒకటి తప్పించుకుంటుందేమో, అంతే. పెయ్యతో కలిసి పుట్టిన పెయ్యకు ఈ దోషం లేదు."

"కళ్ళముందు గెంతుతున్నవాటిని గొడ్డుపోయాయంటుందేమిటి!" అన్నాడు శంఖయ్య. "నీ నోట మంచిమాటే రాదా తల్లీ?"

రాజు లెక్క కట్టాడు. "అవి ఎదకు రావాలంటే ఇంకా రెండేళ్ళు పడుతుంది కదా?"

"పడుతుంది ప్రభూ."

"దానం వచ్చే ఏడే."

గొడ్డువని తేలేసరికి ఆ పెయ్యలు ఏరు దాటి ఉంటాయని గురవమ్మకు అర్థమైంది.

లెక్కకు ఇంకా చాలా పెయ్యలు తక్కువ. ఈసారి మూడు చుక్కలన్నాడు రాజు. ఈనిన ఆవుకు మూడు అమావాస్యలు విడుపు ఇవ్వడం కొట్టపు వాడుక. ఈసారి అదీ వద్దన్నాడు.

గురవమ్మ గోరింట దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, నాకు లోపల పచ్చి ఆరలేదు" అంది గోరింట.

"తెలుసు తల్లీ."

"మరి వాళ్ళతో ఎందుకొచ్చావు?"

"నేను పట్టుకోకపోతే కాళ్ళు కట్టి పడదోస్తారు."

"నువ్వు పట్టుకుంటే నిలబడతాను. వద్దంటే ఏరు దాటి పారిపోతాను. పలుపు విప్పు చాలు."

గురవమ్మ పలుపు వైపు చూసింది. వాకిట్లో నిలబడ్డ భటుల వైపు చూసింది. కొలువు పోతే ముగ్గురు బిడ్డల నోటికి గంజి ఎక్కడిది? ముట్టె నిమిరింది. గోరింట నిలబడింది. ముల్లు దిగింది.

మూడో ఏడు డప్పులు మోగలేదు. కొన్ని ఆవులకు గింజల సంచుల్లో నీటిబుగ్గలు పట్టాయి. అవి ఎద దిగక, చూలు నిలవక, కాళ్ళతో మన్ను చిమ్ముతూ ఆబోతుల్లా రంకెలు వేశాయి. కొన్నిటికి అయిదో నెలలోనే చూలు పోయింది. గోరింట ఎనిమిదో నెల దాకా మోసింది. ఒకనాటి మధ్యాహ్నం ఉన్నట్టుండి కూలబడింది.

గురవమ్మ దాని గర్భంలోకి భుజం దాకా చెయ్యి పెట్టింది. మొదటిది అడ్డం తిరిగి ఉంది. దాన్ని సరిచేసి తీసేసరికి పొద్దు వాలింది. దాని వెనకే రెండోది. దాని వెనక ఇంకొకటి. మూడింటినీ గడ్డి మీద పడుకోబెట్టి గుడ్డ కప్పింది.

"ఎన్నక్కా?" అంది గోరింట.

"మూడు తల్లీ."

"బతికున్నాయా?"

గురవమ్మ దాని ముట్టె నిమిరింది. గోరింట మళ్ళీ అడగలేదు. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. మూసింది గురవమ్మే.

దానం రోజు వచ్చింది. మూడువందలు కాలేదు గానీ గుంపు పెద్దదే. రాజు లెక్క చెప్పనివ్వలేదు. అవతలి ఒడ్డు జనం పడవల్లో వచ్చారు. వరసలో ముందు బంగారక్క అనే బాలింత, చంకలో బిడ్డతో నిలబడింది. బిడ్డ ఏడుస్తోంది.

భటులు మొదటి పెయ్యను తెచ్చారు. అది గోరింట పెయ్యే. కోడెతో కలిసి పుట్టినది.

"కానివ్వు గురవమ్మా" అన్నాడు రాజు.

గురవమ్మ దాని వెన్ను మీద చెయ్యి పెట్టింది. తడుముతూ ఉంది.

"రెండు మాటలే కదమ్మా. అనెయ్" అన్నాడు శంఖయ్య మెల్లగా. "ఎన్ని వందలసార్లు అనలేదు?"

గురవమ్మ బంగారక్క చంకలో బిడ్డను చూసింది.

"ఇది తల్లవదు" అంది.

జనం వైపు తిరిగింది.

"వీటి తల్లులను కదలకుండా పట్టుకున్నది ఈ చేతులే. అప్పుడు వద్దనలేదు. ఇప్పుడు అవునని అనలేను."

రాజు లేచి నిలబడ్డాడు. అప్పటికే ఆమె రెండో పెయ్య దగ్గరికి వెళ్ళింది. ఒంటిగా పుట్టినదాని వెన్ను మీద చెయ్యి పెట్టి, "ఇది తల్లవుతుంది" అంది. పెయ్యతో పుట్టిన పెయ్యకూ ఆ మాటే చెప్పింది. కోడెతో పుట్టిన ప్రతిదాని దగ్గరా తల అడ్డంగా ఊపింది. ఆపమని రాజు ఎలా అంటాడు? పదిమంది చూస్తున్నారు.

గోరింట తొలిచూలు పెయ్య బంగారక్కకు దక్కింది. జనం మంచి పెయ్యలను తోలుకుని పడవలెక్కారు. గొడ్డు పెయ్యలను ఎవరూ ముట్టలేదు.

"నా పేరు ఏట్లో కలిపావు. బిడ్డలతో సహా నా పొలిమేర దాటు!" అని రాజు అరిచాడు.

"నా పడవెక్కు వదినా" అంది బంగారక్క.

శంఖయ్య కూడా ఆ వారమే వెళ్ళిపోయాడు, బుడ్డి పట్టుకుని ఇంకో రాజ్యానికి.

మూడేళ్ళు గడిచాయి. రాజు కొట్టంలో మిగిలిన పెయ్యలు ఎద్దుల్లా బలిశాయి. ఒక్కటీ ఎదకు రాలేదు. ముసలి ఆవులు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు ఇవతలి ఒడ్డున పిల్లలు పాలకు ఏడుస్తున్నారు. రాజు చెప్పులు చేత పట్టుకుని ఏరు దాటి వచ్చాడు.

బంగారక్క వాకిట్లో, ఆమే గురవమ్మా కలిసి సాకుతున్న ఎర్రావు నెమరు వేస్తోంది. గోరింట కూతురే అది.

"తప్పయింది గురవమ్మా. ఒక్క పెయ్యనివ్వు."

"ఇస్తాను ప్రభూ. అది ఇంకా పుట్టలేదు."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు. కోడె పుడితే ఇంకో ఏడాది."

"త్వరగా అయ్యే దారేదీ..." అని రాజు మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

గురవమ్మ చూరులోంచి కొడవలి తీసి ఆయన చేతికిచ్చింది. "చూడి ఆవుకు పచ్చిగడ్డి కావాలి. కోయడం వచ్చా?"

"రాదు."

"నేర్చుకోండి. నాలుగు నెలలుంది కదా."

రాజు ఏటి గట్టున వంగి గడ్డి కోశాడు. వేలు తెగితే ఆకు చుట్టుకుని మళ్ళీ కోశాడు. గురవమ్మ ఎర్రావు ముట్టె మీద చెయ్యి వేసింది. నిమరలేదు. గోరింట పోయిన నాటి నుంచి ఏ ఆవు ముట్టెనూ ఆమె నిమరలేదు.

అందుకని పిల్లలూ, ప్రాణమున్న ప్రతిదానికీ మోయగలిగిన బరువింతని ఉంటుంది. అది తెలిసినవాళ్ళు వద్దనవలసిన వేళకే వద్దనాలి, ఆలస్యంగా చెప్పిన నిజం మిగిలినవాళ్ళనే కాపాడుతుంది గానీ పోయినవాళ్ళను తీసుకురాలేదు.